కడుపు నిండా తిని రమ్మన్న డాక్టరమ్మ

మొన్న బుధవారం పొద్దున బోధన్ నుంచి కబురొచ్చింది. మా డాక్టరమ్మ పోయింది. బీడీలకు తునికాకు కత్తిరిస్తున్న కత్తెర పక్కన పెట్టి కాసేపు ఏడ్చాను. ఆమె గురించి చెప్పాలంటే నా సిగ్గు నేను విప్పుకోవాలి. చెప్తాను, ఆమె నేర్పింది అదే.

తొంభైల మొదట్లో నా తొలి కాన్పు కష్టమై లోపల కండరం చినిగింది. ఆ తర్వాత దొడ్డికి ఆపుకోలేకపోయేదాన్ని. చీర పాడయ్యేది. నిజామాబాద్‌లో మా వాడ ఆడవాళ్లంతా ఒకే వాకిట్లో చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తారు. నేను మాత్రం ఇంటి వెనక ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. ఇక్కడి డాక్టరుకు చూపించుకుంటే వాడంతా తెలుస్తుందని బోధన్ పోయాను.

ఆమె విరేచనాలు కట్టే మాత్ర ఇచ్చింది.

"నాకు విరేచనాలు లేవు కదమ్మా?" అన్నాను.

"లేవు. జర గట్టిపడితే నీ కండరం ఆపగలుగుతది. బయటి దేశాల పుస్తకాల్ల రాసిండ్రు. మన ఆడోళ్లకు ఎంత సరిపోతదో నాకు గూడ తెల్వది. తెలుసుకుందాం, ఉంటవా బిడ్డా?"

నాలాంటి వాళ్లు ఇంకొందరు దొరికారు. మాలో చాలామందికి రాయడం రాదు. అందుకని బీడీలు కట్టే దారం పట్టించింది. వారానికో దారం, చీర పాడైన రోజుకు ఒక ముడి.

ఐదో వారం నా దారానికి ఒకటే ముడి. ఆమె ముఖం వెలిగిపోయింది. అంతలో నాకు కళ్లు తిరిగి బల్ల మీద కూలబడ్డాను.

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఏం తినలే అమ్మా. బస్సుల ఏమన్న అయితే?"

"నిన్న?"

"గింత గంజి."

మందు మింగేటప్పుడు పథ్యం ఉండాలని మాకు మేమే అనుకున్నాం. అడిగితే అందరిదీ అదే కథ.

"ఓ నా తల్లీ! ముళ్లు తగ్గిచ్చింది మాత్రనా, మీ ఆకలా? నాకెట్ల తెల్వాలె?" అని కోపంగా నోటుబుక్కులో ఐదు వారాల రాతనూ అడ్డంగా కొట్టేసింది. "మళ్ల మొదటికెల్లి. ఖాళీ కడుపుతోటి నా దగ్గరికి ఎవ్వరు రావద్దు."

తిన్నాం. ముళ్లు పెరిగాయి. నేను హడలిపోయాను, ఆమె హడలలేదు. అర మాత్రతో మొదలుపెట్టి పెంచింది, గట్టిపడి బాధపెడితే తగ్గించింది. ఒకావిడకు ఏ కొలతా కుదరలేదు. "పని చెయ్యంది గూడ రాయాలె" అని అదీ రాసింది. నాకు ఆరునెలలు పట్టింది. ముడి లేని దారం ఆమె చేతిలో పెట్టిన మర్నాడు చాట తీసుకుని వాకిట్లో అందరి మధ్యా కూర్చున్నాను.

బుధవారం బయల్దేరే ముందు రెండు రొట్టెలు, పప్పు ముందర పెట్టుకున్నాను. అత్తమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"పీనుగను సూడవోంగ తింటవా? సిగ్గు లేదా?"

"లేదు అత్తమ్మా. ఆమె దగ్గరికి ఖాళీ కడుపుతోటి పోవద్దు."

ఏడుస్తూనే రెండు రొట్టెలూ తిన్నాను. బోధన్ బస్సు కిటకిటలాడుతోంది. జనం మధ్యలో ఇరుక్కుని కూర్చున్నాను. గుప్పిట్లో ఒక బీడీ దారం ఉంది. దానికి ఒక్క ముడీ లేదు.