ఎలుకల తలకు రాసిన పసుపు

మా మేడమ్ పోయిన్రు. మొన్న మంగళారం పొద్దుగాల ల్యాబ్ వాచ్‌మన్ ఫోన్ చేసి చెప్పిండు. నేను మిరప చేన్ల నీళ్లు పారిస్తున్న. మోటర్ బందు చేసి గట్టు మీద కూసున్న. ఏడాది సంది కిడ్నీల బీమారని తెల్సు. ఇంత జల్దీ పోతరని అనుకోలే. నాకు మాటలు రావు గాని, ఆమె సంగతి మీకు చెప్పాలె.

నాది గుమ్మడిదల. ఏడో తరగతి దాకా చదివిన. పటాన్‌చెరు కాడ ఒక ల్యాబ్‌ల ఎలుకలను సూసుకునే పని చేసిన. పంజరాలు కడుగుడు, మేత వేసుడు, తూకం రాసుడు. మేడమ్ అక్కడ పెద్ద సైంటిస్టు. కోస్తా దిక్కు నుంచి వచ్చి ఇక్కడనే ఉండిపోయినోళ్లు. పొద్దున రాంగనే నన్ను అడుగుడు ఒక్కటే మాట: "పెద్దాయనా, ఇవాళ ఎవరు అలిగారు?" ఏ ఎలుక మేత ముట్టలేదో, ఏది మూలకు ముడుసుకున్నదో చెప్పేటోన్ని. చెప్పింది చెప్పినట్టే బుక్కుల రాసుకునేటోళ్లు.

ఒకసారి కాయితం మీద పెన్సిల్‌తోని గీత గీసి, ఈ నలుపుల ఒక్క పొర తీస్తే అదే గ్రాఫీన్ అని చెప్పిన్రు. ఆ పూత ఉన్న సన్నని తీగ మెదడుల పెడితే ఫిట్స్ వచ్చేటోళ్లకు, చేతులు వణికేటోళ్లకు పనికొస్తదట. కాని మెదడు దాన్ని ఓర్సుకోవాలె. ఓర్సుకోకుంటే వాస్తది, తీగ చుట్టూ గట్టిగ పొర కడ్తది. అందుకే ముందుగాల ఎలుకల తలల పెట్టి సూసుడు. సగం వాటికి పూత తీగ, సగం వాటికి ఉత్త తీగ.

కోసి కుట్లేసిన ఎలుకలను సూస్తే నా పానం ఆగలే. మా ఇంట్ల దెబ్బ తాకితే పసుపే పెడ్తరు. పొట్లం జేబుల వేసుకపోయి, డీలాగ ఉన్నవాటి కుట్ల మీద వేలితోని రాసిన. కొన్ని రోజులు రాసిన. కుట్లకు పూసే మందు గూడ అదే రంగు, ఎవరికీ అనుమానం రాలే. తప్పని నాకూ తోయలే.

కొన్ని నెలలకు ఫలితం వచ్చింది. పూత తీగ పెట్టినవాటికి వాపు శానా తక్కువ. మేడమ్ అందరికీ పాలకోవా పంచిన్రు. సోమవారం రిపోర్టు పంపుతమన్నరు. తీగ, కుట్ల మందు తప్ప ఆ తలలకు ఇంకేది తగలనియ్యలేదు, అందుకే దీన్ని నమ్ముతున్న అని చెప్తుంటే విన్న. కోవా నా చేతిలనే ఉండిపోయింది.

అందరు పోయినంక ఆమె, ఆమె కింద పని చేసే చిన్న సారు ఇద్దరే ఉన్నప్పుడు పోయిన.

"మేడమ్, నేను పసుపు రాసిన."

ఎన్నిటికని అడిగిన్రు. యాది లేదన్న. పూత తీగవాటికా, ఉత్త తీగవాటికా అని అడిగిన్రు. డీలాగ ఉన్నవాటికన్న. కుర్చీల కూసున్నరు. చిన్న సారు నవ్విండు. "కూరల వేసుకునేదే కదా మేడమ్. ఈ ముసలాయన చెప్పకుంటే ఎవలకు తెల్సు?"

"పెద్దాయనకి తెలుసు. ఇప్పుడు నాకూ తెలుసు," అన్నరు. "పసుపు ఏమీ చేసుండకపోవచ్చు. కానీ ఇదంతా తీగ గుణమేనని ఏ మొహంతో రాయను? రేపు ఎవరి తలలోనో పెడతారు."

ఆ ఫలితం రాసిన పేజీల మీద అడ్డంగ గీత కొట్టి, కారణం రాసి, సంతకం పెట్టిన్రు. నన్ను పనిల నుంచి తీయలే. అవి బాధపడ్తుంటే నాకు చెప్పండి, నొప్పికి మందు నేను రాస్తా అన్నరు. మళ్ల మొదటి నుంచి మొదలుపెట్టిన్రు. ఏడాది పట్టింది.

పసుపు సంగతి చెప్పిన తెల్లారి సంది తలుపు కాడ రెండు చేతులు సాపి, ఏం లేదని సూపెట్టి, గప్పుడు లోపలికి పోయేటోన్ని. ఆమె అడిగింది కాదు. మొదటి రోజు ఎందుకండీ అన్నరు. తర్వాత అద్దం అవతల నుంచి తల ఊపేటోళ్లు.

రెండోసారి గూడ వాపు తక్కువనే, కాని మొదటిసారంత కాదు. "ఈసారి తీగే చెప్పింది," అన్నరు. పాలకోవా తెచ్చి నా చేతిల పెట్టి, తినేదాక నిలబడ్డరు.

ఆ తీగ ఇంకా ఏ మనిషి తలలకు పోలే. పోంగ సూడాలని ఆమెకు ఉండె. నా పసుపుతోని పోయిన ఏడాది ఆమెకు మిగిలి ఉంటే ఇంకెంత దూరం పోయేటోళ్లో. ఈ మాట ఒక్కనాడు గూడ ఆమెతోని అనలేకపోయిన.

తెల్లాపూర్‌ల వాళ్ల అపార్ట్‌మెంట్ కింద మేడమ్‌ను పండవెట్టిన్రు. ఆడోళ్లు ఆమె పాదాలకు పసుపు రాసిన్రు. నా వంతు వచ్చింది. పూలు వేసిన. రెండు చేతులు సాపి సూపెట్టిన. ఎనకున్నోళ్లు జరగమంటున్నరు. ఆమె తల ఊపేదాక ఆగుడు నాకు అలవాటు. జెరసేపు అట్లనే నిలబడ్డ.