మూడో ప్రకటన

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో ఒక పల్లె. వంద గడప, ఒక రాతి చర్చి. ముందు బెంచీ జమీందారుది, చివరి బెంచీలు పాలికాపులవి. ఆ పల్లె నుంచి గోదావరి జిల్లాకొచ్చిన దొర సువార్తతోపాటు బెంచీల వరసనూ మోసుకొచ్చాడు. అబుదాబిలో, అద్దె హాలులో ఆదివారం సాయంత్రాలు కూడే తెలుగు సంఘంలో 2023లోనూ అదే వరస. ముందు కుర్చీలు నర్సులవి, ఆఫీసు ఉద్యోగులవి. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు తలుపు దగ్గర, చెప్పుల పక్కన. దీనికి ముందువరస వాళ్ళు పెట్టుకున్న పేరు క్రమశిక్షణ.

శాంతిప్రియ తొమ్మిదేళ్ళుగా ఆ చెప్పుల పక్కనే కూర్చుంది. రాజోలు వైపు మనిషి, భర్త పోయాడు, అరబ్బుల ఇంట్లో వంట చేస్తుంది. ల్యాబ్ టెక్నీషియన్ ఐజక్ ఆమెను చేసుకుంటానన్నాడు. అతని అన్న విజయరత్నం సంఘ కార్యదర్శి. ఆ ఇంగ్లీషు పల్లె ఫొటోకు పటం కట్టించి ఫ్లాటులో తగిలించుకున్న పెద్దమనిషి.

దొర తెచ్చిన ఆచారం ఇంకొకటుంది. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరాలు అడగాలి. మూడూ పూర్తికాకపోతే పాస్టరు అయ్యగారు పెళ్ళి చెయ్యరు. చదవాల్సింది కార్యదర్శి. విజయరత్నం రెండుసార్లు పళ్ళు బిగించి చదివాడు. బుధవారం పెళ్ళి, శాంతిప్రియకు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇచ్చింది ఆ ఒక్కరోజు సెలవే. మూడో ఆదివారం అతను పుట్టినరోజుల జాబితా చదివి, ప్రకటన మాటలూ సంఘ నియమాలూ ఉన్న పుస్తకం మూసేశాడు.

శాంతిప్రియ లేచింది. "మా ప్రకటన మర్చిపోయారండి."

"మర్చిపోలేదు. కూర్చో."

పాటల జట్టులో ఐజక్ తన కాలివేళ్ళు చూసుకుంటున్నాడు.

"అయితే నేనే చదువుతాను." ఆమెకు పుస్తకం అక్కర్లేదు, మొదటి పెళ్ళికీ మూడుసార్లు విన్నదే. "ఐజక్‌కును శాంతిప్రియకును వివాహము జరుగుటకు అడ్డమేదైనను ఎరిగినవారు ఇప్పుడే తెలుపవలెను. ఇది మూడవ ప్రకటన."

విజయరత్నం భార్య దయాకుమారి విసురుగా వెనక్కి తిరిగింది. "గిన్నెలు తోముకునేదానికి మైకొకటి తక్కువైంది!"

"మైకెందుకక్కా, వినపడిందిగా." శాంతిప్రియ చూపు విజయరత్నం మీదే ఉంది. "అడ్డముంటే చెప్పండి. పనిమనిషి అని చెప్పండి. ఆ కారణం ఏ పేజీలో ఉందో అయ్యగారు వెతుకుతారు."

ఇన్నాళ్ళూ అందరినీ ఆ నియమాల పుస్తకంతోనే బెదిరించిన విజయరత్నం దాన్ని తెరవలేదు.

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "ఎవరు చదివినా విన్నది సంఘం. మూడూ అయినట్టే."

"ఖలాస్. బుధవారం పదింటికల్లా వచ్చెయ్యండి, బావగారూ!" అంది శాంతిప్రియ విజయరత్నంతో.

చివరి వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఏమయ్యా ఐజక్, ఇంకా అక్కడేం చేస్తున్నావు? ఇటు రా."

ఐజక్ పాటల పుస్తకంతో సహా వచ్చాడు. వెనక ఖాళీ కుర్చీ లేదు. ఆమె తన కుర్చీలో కూర్చుంది, అతనికి చోటిచ్చి పక్కకు జరగలేదు. ఆరాధన ముగిసేదాకా అతను చెప్పుల మధ్య నిలబడ్డాడు.