ఊకబుట్టలో అన్నం

మా పెద్ద తోటికోడలు పోయింది. బాపట్లలో కూతుర్ని చూడబోయి, మధ్యాహ్నం భోంచేసి కునుకు తీసిన మనిషి మళ్ళీ లేవలేదట. కబురు వినగానే ఏడుపు వచ్చింది. వెనకే ఇంకో మాటా వచ్చింది. చదివేవాళ్ళు తిట్టుకున్నా సరే, దాచను. "చావులో కూడా నన్ను మించిపోయిందే!" అనుకున్నాను.

తెనాలిలో ఒకే ఇంట్లో రెండు వాటాలు మావి, నేను అక్కా అని పిలిచే ఆవిడదొకటి, నాదొకటి. మధ్యలో ఒక్క గోడ. అత్తయ్య భోజనం మాత్రం ఎప్పుడూ అక్క వాటాలోనే. ఒక్క పూటైనా ఆవిడ నా వంటింట్లో కడుపునిండా తినాలని ఏళ్ళ తరబడి ఆశపడ్డాను.

ఎనభైల్లో ఇద్దరికీ ఒకే వారంలో గ్యాసు వచ్చింది. నా బండ నెల తిరక్కుండా అయిపోయేది. మళ్ళీ వచ్చేదాకా కిరసనాయిలు పొయ్యి, మసి, కళ్ళమంట. అక్క బండ రెండు నెలలు దాటినా అయిపోయేది కాదు. చాటుగా కట్టెలు వాడుతోందేమోనని కిటికీలోంచి తొంగిచూశాను కూడా. కట్టెల్లేవు. వెదురుబుట్ట నిండా మిల్లు ఊక, మధ్యలో గుంట. అన్నం రెండు పొంగులు రాగానే స్టవ్వు ఆర్పి, గిన్నె అందులో దించి, పాత బొంత కప్పి చర్చికి పోయేది. తిరిగొచ్చేసరికి అన్నం పొడిపొడిగా ఉడికి ఉండేది.

కూరలు తరగడం అయ్యాకే అగ్గిపుల్ల గీసేది. నేనేమో స్టవ్వు వెలిగించి, అప్పుడు పప్పు డబ్బా వెతుక్కునేదాన్ని.

"ఎందుకక్కా ఈ పిసినారితనం? కొనుక్కుంటున్నాంగా" అని ఓసారి దెప్పాను.

"కొంటే మనదైపోద్దా చెల్లీ? భూమి కడుపులోంచి తోడింది. తోడేవాళ్ళమేగానీ మళ్ళీ పోసేవాళ్ళం కాదుగా."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. నా బండ అయిపోయినప్పుడల్లా "నా స్టవ్వు మీద వండుకో, ఉందిగా" అనేది. ఆ 'ఉందిగా' ఇంకా మండించేది.

చివరికి నేనూ ఓ బుట్ట తెప్పించాను. రేపల్లె నుంచి ఆడపడుచు వచ్చిన ఆదివారం అత్తయ్యనీ భోజనానికి పిలిచాను. ఉడికిందో లేదోనని నాలుగుసార్లు బొంత ఎత్తాను. తీరా వడ్డిస్తే అన్నమంతా పలుకే. అత్తయ్య ఒక్క ముద్ద నమిలి, చెయ్యి కడుక్కుని అవతలి వాటాకి నడిచారు.

"మాటిమాటికీ మూత తీస్తే ఎట్టా ఉడుకుద్ది చెల్లీ? నమ్మి వదిలెయ్యాలి" అంటూ అక్క తన అన్నం గిన్నె నా చేతికిచ్చింది. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మొన్న అక్కని తెనాలి తీసుకొచ్చి సమాధి చేశాం. ఇంటికొచ్చి బంధువులకి వండాల్సింది నేనే. గిన్నె ఊకలో దించాక ఈసారి బొంత ముట్టుకోలేదు. ఆ ఓపిక అక్క నేర్పిందే. ఒప్పుకోవడానికి తను పోవాల్సి వచ్చింది.

చూపూ జ్ఞాపకమూ తగ్గిన అత్తయ్యని నా వంటింట్లోనే కూర్చోబెట్టి వడ్డించాను. ప్రార్థన చేసుకుని, కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నారు.

"పెద్దమ్మాయ్, ఇంకాస్త పెట్టు" అన్నారు.

"నేను చిన్నదాన్ని అత్తయ్యా. ఇవాళ నేనే వండాను." ఆ రోజైనా నోరు మూసుకోలేకపోయాను.

"నీకంత ఓపిక ఎక్కడిదమ్మా" అని, అత్తయ్య కంచం అవతలి వాటా గోడవైపు చాపి, అలాగే పట్టుకుని కూర్చున్నారు.