అక్క పొయ్యికి కరెంటు

పెనుకొండలో మా అక్క వీధికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ నా నోటికి భయపడి వచ్చిందని చెప్పుకుంటారు. ఇంజనీరును ఆఫీసులో నిలబెట్టి కడిగేశానట, ఆయన చెమట తుడుచుకుంటూ సంతకం పెట్టాడట. హిందూపురంలో మా అంగడికి గిన్నెలు కొనడానికి వచ్చేవాళ్లు కూడా ఈ కథ చెప్పి, "నీ మాదిరి ఒకరుంటే చాలక్కా ఊరికి" అని పొగిడి, వెంటనే ధర తగ్గించమంటారు. నేను అరిచిన మాట నిజమే. నెమ్మదిగా మాట్లాడటం నాకు రాదు. కానీ అరుపులకు ట్రాన్స్‌ఫార్మర్లు రావు. వచ్చేటట్టయితే మా పెళ్లయిన మరుసటి ఏడాదికే మా వీధిలో నాలుగు ఉండేవి. అది మా అక్క ఇచ్చిన స్థలంలోకి వచ్చింది. రావలసినప్పుడు రాలేదు. ఈ రెండు సంగతులూ వదిలేసి నా నోరు ఒక్కటే పట్టుకుని తిరిగే కథ నాకు నచ్చదు.

అక్క నాకంటే బాగా పెద్దది. బావ పోయాక ఇంటి ముందుగదిలోనే సంగటి హోటలు పెట్టింది. బోర్డు లేదు, పేరు లేదు. లారీవాళ్లకూ, ఆఫీసుల పని మీద పెనుకొండకు వచ్చేవాళ్లకూ ఆ గడప తెలుసు. రాగిసంగటి, పప్పు, చెనిక్కాయలు నూరిన ఊర్మిండి పచ్చడి. గ్యాసు ఉంది, అది టీకీ తాళింపుకీ. సంగటి ఎసరు మాత్రం వెనక రేకుల కొట్టంలో కట్టెల పొయ్యి మీదే. పెద్ద సత్తు దేగిసా, కింద సీమతుమ్మ కట్టెలు, పక్కన ఊదుగొట్టం. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా ఆ పొగలోనే ఉండేది.

దగ్గు మొదలైన సంగతి నాకు చెప్పలేదు. ఫోనులో మాటకూ మాటకూ మధ్య ఆగుతుంటే నేనే పట్టుకుని పుట్టపర్తి ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు గుండెకూ వీపుకూ గొట్టం పెట్టి విని, అడగవలసిన ప్రశ్నే అడిగాడు.

"బీడీలు తాగే అలవాటు ఉందా అమ్మా?"

"నేను తాగను సామీ. మా పొయ్యి తాగి నా మొగాన ఊదుతాది."

ఆయన నవ్వలేదు. ఆ పొయ్యి దగ్గరికి ఇక పోవద్దన్నాడు. తిరుగు బస్సులో అక్క, "పోవద్దంట. సంగటి దానంతట అదే కెలుక్కుంటాదేమో అడగాల్సింది నువ్వు" అంది.

ఆ నెలలోనే ఆడబిడ్డ కొడుకు పెళ్లికి చీరలు తేవడానికి ధర్మవరం పోయాను. అక్కడ ఒక నేతగాళ్ల ఇంట్లో మగ్గం ఉన్న గది పక్కనే వంట. కట్టెలు లేవు, కరెంటు పొయ్యి ఉంది. ఎందుకమ్మా అని అడిగితే ఆ ఇంటి ఇల్లాలు, "పట్టుకు పొగ తగిలితే రంగు మాసిపోతాదక్కా" అంది. చూస్తున్న చీర మళ్లీ మడిచి పక్కన పెట్టాను. పట్టుకు పొగ తగలకూడదని ఇంటిల్లిపాదికీ తెలుసు. మా అక్కకు తగలకూడదని ఇన్నేళ్లలో మాలో ఎవరం అనుకున్నాం?

ఆ పొయ్యి సంగతులు చెప్పే సారు ఒకాయన ఉన్నాడని ఆమే చెప్పింది. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వాళ్లది ఒక చిన్న గుంపు. జీతాలు లేవు, బస్సు చార్జీ ఎవరిది వాళ్లదే. ఇళ్లకు పోయి మిద్దె మీద సోలారు పలకల గురించీ కరెంటు వంట గురించీ చెప్తారు, ఎంపీకీ ఎమ్మెల్యేకూ ఉత్తరాలు రాస్తారు, సోమవారాలు అర్జీలు పట్టుకుని పుట్టపర్తి కలెక్టరాఫీసుకు పోతారు. నేను పోయిన మొదటి సమావేశంలో సారు ఎక్కడో మంచుకొండలు కరిగిపోతున్న బొమ్మలు చూపించాడు.

"సారూ, మా పెనుకొండలో మంచు అంటే సోడా అంగట్లో ఐసుగడ్డే" అన్నాను. "అది రోజూ కరుగుతుంది, ఎవరికీ దిగులు లేదు."

"అయితే ఏం చెప్పాలో మీరే చెప్పండమ్మా."

"విత్తనం వేసే నెలలో రాని వాన, చెనిక్కాయ పీకి కుప్ప వేసినాక వస్తా ఉంది. ఆ తడిసిన కుప్ప గురించి చెప్పండి. అది మనం తగలబెట్టేవాటి వల్లేనని చెప్పండి. ఆ తర్వాత పొయ్యి గురించి మాట్లాడితే వింటారు."

వాదనకు దిగినందుకు శిక్ష అన్నట్టు తరువాతి వీధికి నన్నే మాట్లాడమన్నాడు. అప్పటి నుంచి నేను ఆ గుంపులో మనిషిని. హిందూపురంలో మా పక్క అంగడాయన దీనికి కూడా ఒక కారణం కనిపెట్టాడు. ఇండక్షన్ గిన్నెలు అమ్ముకోవడానికే ఈ ప్రచారమంతా అని. "ఏమబ్బా, మా అంగట్లో ఎక్కువ పోయేది సత్తు గిన్నె. సత్తు గిన్నె ఆ పొయ్యి మీద వేడే ఎక్కదు. నా యాపారాన్ని నేనే ముంచుకుంటాండా, నువ్వు చూసి సంతోషపడు" అన్నాను. అంత మాత్రాన మానలేదు గానీ, నా ముందర అనడం మానేశాడు.

అక్క వీధిలో ఇల్లిల్లూ తిరిగినప్పుడు తెలిసిన సంగతి ఏమంటే, కరెంటు పొయ్యి లేని ఇల్లు తక్కువ. ఎవరో పెళ్లికి పెట్టింది, ఎవరో లక్కీ డ్రాలో గెలిచింది. అన్నీ అటకల మీద ఉన్నాయి. ఒక ఇంట్లో దాని మీద ఊరగాయ జాడీ పెట్టుకున్నారు. ఎందుకు వాడరంటే అందరిదీ ఒకటే జవాబు. సాయంత్రమైతే వోల్టేజి ఉండదు, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు, పొయ్యి పెడితే ఆ తిరిగేది కూడా ఆగిపోతుంది. ఇళ్లలో వాడే చిన్న పొయ్యిలకే ఈ గతి అయితే, అక్క దేగిసా మోసే పెద్ద పొయ్యికి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? వీధికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పడితే తప్ప అక్క ఆ పొగలోంచి బయటికి రాదు. నాకు అప్పటి నుంచి ఇంకో ధ్యాస లేదు.

కరెంటు ఆఫీసులో ఇంజనీరు మర్యాదగానే మాట్లాడాడు. "ఆ వీధిలో అంత వాడకం లేదు మేడం. డిమాండు కనిపిస్తే పెడతాం."

"వోల్టేజి లేక వాడరు సారూ. వాడరు కాబట్టి మీరు వోల్టేజి ఇవ్వరు. ఈ లెక్క ఎవరు నేర్పించారు మీకు?"

జనం చెప్పుకునే అరుపు ఇదే. దాని ఫలితం ఏమిటంటే ఆయన మరునాడు మీటరు పట్టుకుని వచ్చాడు. పొద్దున పదకొండు గంటలకు వచ్చాడు. సూది నిటారుగా నిలబడింది. "చూశారా మేడం" అన్నాడు. ఆ వేళకు వంటలైపోయి ఆడవాళ్లంతా గడపల్లో కూర్చుని ఉన్నారు. వంట చేసే వేళకు రమ్మన్నాను. వస్తాడనుకోలేదు. వచ్చాడు, ఆ మంచితనం ఆయనకు ఉంది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అటకల మీది పొయ్యిలన్నీ కిందికి దింపించాము. దుమ్ము తుడిచి, స్టీలు గిన్నెల్లో నీళ్లు పోసి, ఎవరి ఇంట్లో వాళ్లు పెట్టారు. ఇంజనీరు అక్క గడపలో మీటరు పట్టుకుని నిలబడ్డాడు. మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా కేకలు వేసుకుంటూ ఒక్కొక్కటే స్విచ్చి వేశారు. ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. ఫ్యాను నిలిచింది. మీటరు సూది కిందికి జారుతుంటే ఆయన దాన్ని వేలితో తట్టి చూశాడు.

ఎదురింటి పంచరు అంగడి అబ్బాయి, ముప్పై దాటిన మనిషే గానీ అందరికీ అబ్బాయి, "సార్, నా గాలి మిషను గూడా ఉపాసం ఉండాది, రాసుకోండి" అని అరిచాడు.

ఆయన రాసుకున్నాడు. ఎస్టిమేటు వేస్తానన్నాడు, రెండు నెలల్లో పని అయిపోతుందన్నాడు. ఆపైన, "స్థలం చూపించండి" అన్నాడు.

అంతసేపూ పండగలా ముందుకు తోసుకొచ్చినవాళ్లు ఒక్కొక్కరే తమ గడపల వైపు వెనక్కి జరిగారు. అర్జీ మీద అందరి సంతకాలూ ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ అందరికీ కావాలి, ఎవరి ఇంటి ముందరా వద్దు. ఒకరికి వాస్తు, ఒకరికి కారు తిప్పుకునే చోటు.

"మా ముందర వద్దక్కా, పిల్లోల్లు ఆడుకుంటారు" అన్నాడు పంచరు అబ్బాయి.

"నీకు పెండ్లే కాలేదు కదప్పా, పిల్లోల్లు యాడోళ్లు?" అన్నాను.

"అయితాది కదక్కా రేపో మాపో!"

నవ్వారు. నవ్వయ్యాక మళ్లీ ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు అక్క గడప పట్టుకుని లేచి, హోటలు పక్క గోడ వారన కట్టెలు పేర్చిన చోటు చూపించింది. ఎండ తగిలి కట్టెలు ఆరేది అక్కడే.

"ఈడ పెట్టండి సామీ. కట్టెలు తీపిచ్చేస్తా."

నేను పక్కకు లాగాను. "తీసి యాడ పెడతావక్కా?"

"యెనక కొట్టంలో. రెండు నెల్ల మాటంటాండాడు కదా సారు. ఆపైన కట్టెలతో నాకేం పని?"

రెండు నెలలన్నది నిజమే, అక్కడ ఉన్న అందరం విన్నాం. వారం తిరగకుండా కట్టెలు తీశారు, గుంతలు తవ్వారు, స్తంభాలు రెండు నాటి మధ్యలో దిమ్మె కట్టారు. పనివాళ్లకు అక్క సంగటి పెట్టింది. తరువాత ఆ స్తంభాలు ఖాళీగా నిలబడ్డాయి. సామాను రాలేదన్నారు. కాంట్రాక్టరు మారాడన్నారు. ఆ ఇంజనీరు బదిలీ అయిపోయాడు. ప్రతి సోమవారం మేము అర్జీ ఇచ్చాము. ఒకరు పోతే చులకన అవుతుందని ఒక్కో వారం ఒక్కో వీధి ఆడవాళ్లను వెంట తీసుకుపోయాను. పరిశీలనలో ఉందని ఫోనుకు సందేశం వచ్చేది.

ఆ ఏడు వానలు మాత్రం దండిగా పడ్డాయి. వెనక కొట్టం రేకులు కారతాయి. గోడ వారన ఎండలో ఆరవలసిన కట్టెలు కొట్టంలో నీళ్లు తాగాయి. తడి కట్టె మండదు, పొగలు కక్కుతుంది. నేను పోయినప్పుడు కొట్టంలో అక్క కనిపించలేదు. దగ్గు వినిపించింది, అంతే.

"కరెంటు వచ్చేదాకా హోటలు మూసెయ్యి" అని అరిచాను.

"మూస్తే వచ్చేటోళ్లు ఇంకో తావు చూసుకుంటారు. మల్లా నువ్వు పిల్చకొస్తావా?"

"అయితే నీ కోడల్ని చెయ్యమను."

"దానికి పాలు తాగే బిడ్డ ఉండాది. పొగలోకి అదేంటికి? నాకెట్లాగూ పట్టింది కదా." అని చెప్పి ఊదుగొట్టం మళ్లీ నోటికి పెట్టుకుంది. ఊదడానికి ఊపిరి లేదు. నేను లాక్కుని ఊదాను. కళ్లు మండి బయటికి వచ్చి నిలబడితే ఎదురుగా ఆ రెండు స్తంభాలు, పైన ఒక కాకి.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ మోసుకుని క్రేను వచ్చింది. వీధంతా టెంకాయలు కొట్టింది. పెద్ద పొయ్యి నేనే మా అంగడి నుంచి తెచ్చాను, దానికి సరిపడే స్టీలు దేగిసాతో సహా. సంగటి ఉడికాక కోడలు దేగిసాను నేల మీదికి దించి, పాదాలతో అదిమిపట్టి, సంగటికట్టెతో కెలికింది. అది ఎప్పుడూ చేసే పద్ధతే. కరెంటు పొయ్యి మీద సంగటి కాదు అని వాదించినవాళ్లంతా తిన్నారు.

"అంతా బాగుండాది గానీ పొగ వాసన లేదక్కా" అన్నాడు పంచరు అబ్బాయి.

"వాసన కావాలంటే కొట్టంలో కూచోని తిను పో" అంది అక్క. ఆ ఒక్క వాక్యానికి మధ్యలో రెండుసార్లు ఆగింది.

ఇప్పుడు అక్క ఆ ముందుగదిలోనే ఒక మూల మంచం మీద ఉంటుంది. మంచం పక్కన ఆక్సిజన్ మిషను, అదీ ఆ ట్రాన్స్‌ఫార్మర్ కరెంటుతోనే నడుస్తుంది. కొళాయి దాకా పోవాలంటే దారిలో కుర్చీ వేయాలి. పోయిన ఊపిరి తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలుపుకోవాలన్నాడు పుట్టపర్తి డాక్టరు. ఆ వానాకాలం తప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదా అని అడిగాను. చెప్పలేమమ్మా అన్నాడు. అబద్ధం చెప్పనందుకు ఆయన మీద కోపం లేదు.

ధర్మవరం సారు మాత్రం ప్రతి సమావేశంలో మా వీధిని గెలుపుగా చెప్తాడు. గెలిచిన మాట చెప్పకపోతే కొత్తవాళ్లు ఎందుకు వస్తారమ్మా అంటాడు. నిజమే, ఆ కథ విని వచ్చినవాళ్లు ఉన్నారు. పెనుకొండలోనే ఇంకో రెండు వీధులు అర్జీలు పెట్టుకున్నాయి. వాళ్లతో నేనూ పోతున్నాను. కానీ అక్కడికి పోయి ముందుగా ఒక మాట చెప్తాను: పైన సామాను ఎక్కేదాకా మీ ఎండిన కట్టెలు కదిలించొద్దు. కరెంటు పొయ్యి గురించి చెప్పడానికి పోయిన మనిషి మొదట చెప్పవలసిన మాట ఇదా? ఇదే అయింది.

కొత్తగా వచ్చిన ఇంజనీరును మొన్న సోమవారం కలిశాను. ఈసారి గొంతు పెంచలేదు. పాత వీధి పని ఎప్పుడో అయిపోయింది కదా మేడం, ఇంకేం కావాలి అన్నాడు. ఒక్క ప్రశ్నకు జవాబు కావాలన్నాను. రాసి ఇవ్వండన్నాడు, రాసి ఇచ్చాను. ఎస్టిమేటులో స్తంభాలకు ఒక పద్దు ఉంది, దిమ్మెకు ఒక పద్దు, తీగకూ కూలికీ వేరువేరు పద్దులు ఉన్నాయి. ఆ స్తంభాలు ఖాళీగా నిలబడిన వానాకాలమంతా మా అక్క పీల్చిన పొగను ఏ పద్దు కింద రాస్తారు సారూ?