నీలం తుపాకీ మీద గంధం మచ్చ

మా ఎదురింటి రాజగోపాలన్ అన్న బతుకంతా తెలుపులోనే గడిచింది. మా వైపు సత్రపట్టి ఊరి మగ్గాల మీద ఆసుపత్రులకు పోయే బ్యాండేజి గుడ్డ నేయించడం, చలువ చేయించడం, చుట్టలు చుట్టించి పంపడం ఆయన పని. చొక్కా తెలుపు, పంచె తెలుపు, మేడ మీద ఆరేసిన గుడ్డ తెలుపు. ఆడి నెల, అంటే ఆషాఢం, గాలి వచ్చిందంటే ఆ గుడ్డ లేచి లేచి పడుతూ, మా వీధి వీధంతా మబ్బులోకి పోయినట్టుండేది. ఆ ఇంట్లో నీలంగా ఉన్నది ఒక్కటే. వాళ్ళ నాన్న ఇచ్చిపోయిన రివాల్వరు.

నీలమంటే ఆకాశం నీలం కాదు. వాన వెలిశాక సాయంత్రం నాలుగు గంటలకు పడమటి కొండ ఉంటుంది చూడండి, నలుపో నీలమో తేల్చుకోలేం, ఆ రంగు. ఇనుముకు అదెట్లా వచ్చిందని ఒకసారి అడిగాను. నున్నగా సానపట్టి మందునీళ్ళలో ఉడికిస్తారట. పైన పూసిన పూత కాదట, ఇనుమే రంగు మారుతుందట. వారం రోజులు వంటింట్లో ఏ గరిటె పట్టుకున్నా నాకదే ఆలోచన.

కొండ కింది మామిడితోపు కావలికని వాళ్ళ నాన్న కొన్నాడు దాన్ని. అన్న ఒకే ఒక్కసారి పేల్చాడు, అదీ ఆకాశం వైపు, అడవి పందులను బెదిరించడానికి. పందులు పోయాయో లేదో ఆయనకు గుర్తులేదు. తోపులో నెమళ్ళన్నీ ఒక్కసారిగా లేచాయట. ఆ నెమళ్ళ సంగతి మాత్రం ఎన్నిసార్లైనా చెప్పేవాడు. తోపు అమ్మేశాక ఆ తుపాకీ ఎలక్షన్లప్పుడు పోలీసు స్టేషనుకు పోవడం, ఆయుధపూజకు సామి గదిలోకి రావడం, అంతే.

ఆయుధపూజ నాడు మా ఇళ్ళల్లో కత్తెరకూ గంధమే, స్కూటరుకూ గంధమే, పిల్లల స్కేలుకూ గంధమే. అన్న గుండ్లు తీసేసి తుపాకీని సామి ముందర పెడితే, ఆయన భార్య శివకామి వదిన బొటనవేలితో గంధం అద్ది, నడుమ కుంకుమ పెట్టేది. మరునాడు అందరం తుడిచేస్తాం. వాళ్ళింట్లో మాత్రం తుడవరు. సామికని పెట్టిన గంధం తనంతట తానే రాలాలి గాని మనిషి చెయ్యి తగలకూడదని వదిన పట్టు. అట్లాగే తడి తడిగా బ్యాండేజి గుడ్డలో, దెబ్బ తగిలిన మనిషికి చుట్టినట్టు చుట్టి, కొయ్యపెట్టెలో పెట్టేసేది. ఏండ్ల మీద ఏండ్లు. గంధం ఉన్నచోట నీలం పోయి ఇనుము పాలిపోయింది, అంచుల్లో తుప్పు పట్టింది.

వదిన పోయి రెండేండ్లయింది. అప్పటినుంచీ ఆ పెట్టె తెరవలేదు.

ఈ ఆడిలో ఒక మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే, అన్న తిణ్ణె మీద కూర్చుని ఒళ్ళోకి చూసుకుంటున్నాడు. కరివేపాకు అడిగే సాకుతో వీధి దాటాను.

"ఏమన్నా, చంటిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకున్నావు?"

"నీ ఇంటికి ఆ కిటికీ పెట్టిన కొత్తనారు మేస్త్రీకి ఒక దండం చెల్లీ," అన్నాడు. "లైసెన్సు మా కొడుకు బాలమురుగన్ పేరుకు మారస్తా ఉండాము. నాకు డెబ్బై ఆరు వచ్చె. వాడేమో సోమవారం మదురైకి తీసకపోయి రంగు కొత్తగా ఏపిస్తానంటాడు. ముందు మచ్చలన్నీ పోయేదాకా సానపడతారంట. కొత్త పెండ్లికొడుకు మాదిరి వస్తాదంట."

"రానీ. మంచిదే కదా?"

ఆయన తుపాకీని వెలుతురుకు తిప్పాడు. తూటాలు పెట్టే చక్రం మీద బొటనవేలంత మచ్చ. "ఇది శివకామి వేలు. సానపడితే ఇది పోతాది. పట్టకుంటే తుప్పు తింటాది. మూడు దినాలుగా ఇట్లనే కూర్చోనుండా."

ఆ మచ్చను ఆయన మెల్లగా నిమిరాడు.

అది వదిన వేలు కాదు. నాది.

చివరి ఐదేండ్లు వదినకు కుడిచెయ్యి పడిపోయింది. పూజ నాడు అన్న స్నానానికి పోగానే పెరటి తలుపులోంచి నన్ను పిలిచేది. "నువ్వు పెట్టు వదినా. ఎడమచేత్తో నేనే పెడతాననుకుంటాడు ఆయన. అదీ రాలేదని తెలిస్తే పూజే వద్దంటాడు. చెప్పొద్దు." వదిన ఎప్పుడూ గొట్టం మీద పెట్టేది. నేను వెడల్పుగా ఉందని చక్రం మీద పెట్టాను. ఎవరింట్లో ఏం కూరో వీధి చివరిదాకా చెప్పే నేను, ఈ ఒక్క మాటను ఏడేండ్లు కడుపులో దాచానంటే మా వీధిలో ఎవరూ నమ్మరు.

అంతలో బాలమురుగన్ బండి దిగాడు. "అత్తా, నువ్వన్నా చెప్పు. నాయిన దాన్ని చూస్తా చూస్తా అన్నం గూడా మరిచిపోతాడు. అది తుప్పు పట్టి పోయినాక ఏడ్చి ఏమి లాభం?" అని లోపలికి పోయాడు. వాడన్నదీ నిజమే.

చెప్పకపోతే అన్న పోయేదాకా నా వేలినే వదిన వేలనుకుని నిమురుతాడు. చెబితే వదినకిచ్చిన మాట పోతుంది, ఆయనకు ఆ మచ్చా పోతుంది. పైన గుడ్డ లేచి పడుతోంది. దాని నీడ మా మీదికి వస్తోంది, పోతోంది.

"అన్నా, అది వదినది కాదు. నేను పెట్టింది," అన్నాను. పెరటి తలుపు, పడిపోయిన చెయ్యి, అన్నీ చెప్పాను.

కోప్పడతాడనుకున్నాను.

"వేలు పెట్టు దాని మీద," అన్నాడు.

పెట్టాను. అచ్చు కొలిచినట్టు సరిపోయింది. అప్పుడు తుపాకీని తిప్పి గొట్టం చూపించాడు. అక్కడ, కనీ కనిపించకుండా, ఇంకో మచ్చ. "ఇప్పుడు ఈడ పెట్టు."

పెడితే మచ్చ మొత్తం నా వేలికింద మునిగిపోయింది. వదిన చేతులు చిన్నవి. బడిపిల్లల గాజులు ఆమెకు పట్టేవి. అన్న మూత తీసినట్టు నా వేలు పైకెత్తి, కిందికి వంగి చూశాడు.

"మూడు దినాలుగా తప్పు చోట చూస్తా ఉండాను చెల్లీ," అన్నాడు. కళ్ళు తడిశాయి, నోరు మాత్రం నవ్వుతోంది. "మురుగా! రంగు వద్దు!"

"తుప్పు?" అని లోపలినుంచి కేక.

నాకు ఊరికే ఉండడం చేతకాదు. మదురై అంగడికి ఫోను కలపమని నేనే అడిగాను. "రంగు జోలికి పోకుండా తుప్పు మాత్రం ఆగుతుందా నాయనా?"

"నూనె పెట్టి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలమ్మా. పాత రంగు పాతగానే ఉంటుంది. కానీ ఇనుము మీద గంధం ఎవరమ్మా పెట్టింది?"

"వెనకింటోళ్ళు," అని బొంకాను.

అన్న పగలబడి నవ్వాడు. "నీ మచ్చ మాత్రం సానపట్టిస్తా ఉండు."

"పట్టించుకో. నాకేమి?"

పట్టించలేదు.

ఈ ఏడు ఆయుధపూజకు కోడలు సెల్వి గంధం గిన్నె పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక నావైపు చూసింది. నేను నోరు తెరవకముందే అన్న అన్నాడు: "తుపాకీకి వద్దు తల్లీ, పెట్టె మీద పెట్టు. రేపు మరిచిపోకుండా తుడిచెయ్యి."

బయట వాన వెలిసింది. కొండ ఆ రంగుకు తిరుగుతోంది. నూనె రాసిన గొట్టం మీద వదిన వేలిగుర్తు, పొద్దుండగానే కొండమీదికి వచ్చేసిన చంద్రుడిలా, పాలిపోయి, చిన్నగా ఉంది.