పిన్ని తప్పుపట్టిన నవల

మా పిన్నిది మెట్ల కింద అద్దె పుస్తకాల కొట్టు. అట్ట ఊడిన పుస్తకాలు తనే కుట్టుకుని, జిగురు రాసి, బరువు పెట్టి ఆరబెట్టేది. పుస్తకం ఊరికే చేతిలో పెట్టడం ఆవిడకు చేతకాదు. అందులో బాగున్నదేమిటో, బాగాలేనిదేమిటో చెప్పి, హంతకుడెవరన్నది ఒక్కటి కడుపులో దాచుకుని ఇచ్చేది. ఆ మాటల కోసమే వచ్చేవాళ్ళూ ఉండేవారు.

ఆ ఏడాది జనం ఎగబడి చదివిన క్రైమ్ నవల ఒకటుంది. రెండు ఊళ్ళలో రెండు సంసారాలు నడిపే మనిషి, మధ్యలో ఓ హత్య. మొదటి సగాన్ని పిన్ని ఆకాశానికెత్తేసింది.

"ఒక ఇంట్లో ముంగిలా కూర్చునేవాడు, రెండో ఇంట్లో పగలబడి నవ్వుతాడే, అక్కడ నాకు ఒళ్ళు జలదరించిందనుకో. రాస్తే అలా రాయాలి!"

రెండో సగమే ఆవిడకు మింగుడుపడలేదు.

"అన్నేళ్ళు కాపురం చేసినదానికి ఆమాత్రం తెలీదా? మన చెవిలో పువ్వు పెట్టాడు. పెళ్ళాన్ని మొద్దును చేస్తే గానీ కథ నడవలేదు పాపం."

మా బాబాయి మందుల కంపెనీ పని మీద వారంలో సగం బయటే ఉండేవాడు. ఇంట్లో ఉన్నా నోరు విప్పడు. ఆయన తీరే అంత అనుకునేవాళ్ళం.

క్యాంపులో ఆయనకు గుండెపోటు వచ్చిందని కంపెనీవాళ్ళు ఫోన్ చేస్తే నేనూ పిన్నీ ఆ ఊరి ఆసుపత్రికి పరుగెత్తాం. వార్డులో ఒకావిడ ఆయన పాదాలు రుద్దుతోంది. మమ్మల్ని చూసి లేచింది.

"మీరు ఆయనకేమవుతారండీ?"

"భార్యని," అంది పిన్ని.

ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. "మొదటావిడ జ్వరమొచ్చి పోయారని చెప్పారే! చెప్తూ ఏడ్చారు కూడా."

నవల్లో ఇద్దరు పెళ్ళాలూ జుట్లు పట్టుకున్నారు. ఇక్కడ అదీ లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోతే పిన్ని నా చెయ్యి నొక్కింది.

"అరవకే. ఆయన కళ్ళు తెరిచి నేనెవరో ఒక్క మాట చెప్తే చాలు."

సాయంత్రం దాకా గోడ పక్కనే నిలబడింది. ఆ ఎదురుచూపు చూడలేక నాకు ఏడుపొచ్చింది. చివరికి ఆయన కళ్ళు తెరిచాడు. ఇద్దర్నీ చూశాడు.

ఇంతలో నర్సు వచ్చింది. "మంచం దగ్గర ఒక్కరే ఉండాలి. భార్య ఎవరండీ?"

పిన్ని ఓ అడుగు ముందుకేసింది. ఆయన పక్కనున్నావిడ చెయ్యి పట్టుకున్నాడు.

"వాళ్ళు చుట్టాలు. చూడ్డానికొచ్చారు."

నర్సు మా వైపు తిరిగింది.

"అవునమ్మా," అంది పిన్ని. "చూశాం. వెళ్తాం."