బొగ్గు టీచరుగారి పాటిదిబ్బ

ఆగిరిపల్లి దగ్గరి ఒక ఊళ్లో సోషల్ చెప్పే సుసన్నాకి పిల్లలు చాటుగా పెట్టిన పేరు బొగ్గు టీచరు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. కోపం లేదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడాను.

అసలు గొడవంతా ఊరి చివర మామిడితోటలో ఉన్న పాటిదిబ్బది. ఎప్పుడో జనం కాపురముండి వదిలేసిన చోటది. బూడిదా, పేడా, కుండపెంకులూ కలిసిన ఆ పాటిమన్ను చెట్ల మొదట్లో వేస్తే కాపు విరగకాస్తుందని రైతుల నమ్మకం. తోట యజమాని, నూజివీడు మామిడి వ్యాపారి ఫణి, ట్రాక్టర్లు పెట్టి దిబ్బంతా తోలించేద్దామనుకున్నాడు. సుసన్నా అడ్డుపడింది. ఈ నేల మీద తొలిసారి పంట పండించినవాళ్లు ఇక్కడే బతికారని ఆవిడ వాదన. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మరి!

"రుజువు చూపించండి టీచర్‌గారూ, వదిలేస్తాను," అన్నాడు ఫణి. మాట మీద నిలబడే మనిషే.

సుసన్నా కబురు చేస్తే, యూనివర్సిటీలో పురావస్తు పరిశోధన చేసే శ్యామ్ సుందర్ వచ్చి గొయ్యి తవ్వించాడు. నిలువెత్తు లోతున బొగ్గు కనబడగానే సుసన్నా ఎగిరి గంతేసినంత పనిచేసి, "వయసు కట్టడానికి ఇదే ల్యాబ్‌కి పంపండి" అంది. చచ్చిన చెట్టులో ఒక రకం కార్బన్ ఏళ్లు గడిచేకొద్దీ తరిగిపోతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే వయసు తేలుతుంది. ల్యాబ్ కొలిచి చెప్పింది: వందేళ్లు కూడా లేవు!

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. ఆ పూట ఆవిడకు అన్నం సయించలేదు. మర్నాడు తోటలో ట్రాక్టరు కూడా కనబడింది. అయినా ఊరుకునే ఘటం కాదు. గోతి అంచున నిలబడి మళ్లీ చూసింది. బొగ్గు పొరలా పరుచుకోలేదు, పాయలు పాయలుగా కిందికి దిగింది.

"ఫణిగారూ, ఇక్కడ చెట్టేమైనా ఉండేదాండీ?"

"ఉండేదండీ, పెద్ద రసం మామిడిచెట్టు. పిడుగు పడితే మా నాన్న కొట్టించేసి, మొద్దు చుట్టూ ఊక పోసి కాల్పించారు. వారం రోజులు రాజుకుంటానే ఉంది."

సుసన్నా తల కొట్టుకుంది. నిప్పు వేర్ల వెంట దిగి, పాత మట్టిలో కొత్త బొగ్గు పెట్టిపోయింది! మామిడితోటల్లో పుట్టి పెరిగి కూడా ఆ ముక్క తట్టనందుకు ఆవిడకు సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. శ్యామ్ సుందర్‌కి ఫోన్ చేసింది.

"అయితే ఈసారి గింజ వెతుకుదాం మేడమ్," అన్నాడతను. "చెట్టు ఎన్నేళ్లయినా బతకొచ్చు. గింజ మాత్రం ఏ ఏటిది ఆ ఏటిదే."

ఫణి ట్రాక్టరును వెనక్కి పంపేశాడు. "మా మొద్దు చేసిన తప్పుకి దిబ్బని శిక్షించడం ఏంటండీ? వెతికి చూడండి," అన్నాడు.

వేర్లు చేరని చోట, పగిలిన కుండ అడుగున, మాడిన గింజలు దొరికాయి. అవి ల్యాబ్‌కి వెళ్లాయి. ఫలితం వచ్చిన రోజున సుసన్నా బడి వదలగానే స్కూటీ వేసుకుని తిన్నగా నూజివీడులో ఫణి కొట్టుకు వెళ్లింది.

"ఉలవలండీ! మూడున్నర వేల ఏళ్ల నాటివి. ఎవరో ఇల్లాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది."

ఫణి అప్పటికప్పుడే ట్రాక్టరు డ్రైవరుకి ఫోన్ చేసి, దిబ్బ జోలికి ఇక ఎప్పుడూ వెళ్లొద్దని చెప్పాడు.

"మా తాతకంటే ముందే అక్కడ సేద్యం చేసినవాళ్లున్నారన్నమాట," అన్నాడు సుసన్నాతో. "వాళ్ల వంటిల్లు ఖాళీ చేయించడానికి నేనెవర్నండీ?"

"అయితే రేపు పిల్లల్ని తీసుకొస్తానండీ, ఆ వంటిల్లు చూపించడానికి," అని సుసన్నా స్కూటీ ఎక్కింది.